ఆఫీసులో ఏం అడగాలి, ఎలా అడగాలి: వైకల్యం ఉన్న ఉద్యోగి కోసం

మా అప్పటి మేనేజర్ చాలా మంచివాడు. నాకు రెటినైటిస్ పిగ్మెంటోజా అని, చీకటి పడితే ఏమీ కనపడదని, పగలు కూడా గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రమే కనిపిస్తుందని చెప్పిన మర్నాడే నా చేతిలో ఉన్న వెండర్ పేమెంట్ల పని తీసి ఇంకొకరికి ఇచ్చేశాడు. "నువ్వేం టెన్షన్ పెట్టుకోకు, ఆ ఫైళ్లు సర్దుతూ ఉండు చాలు" అన్నాడు. జీతం తగ్గించలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ ఏడాది అప్రైజల్ ఫారంలో "ఈ సంవత్సరం మీరు చేసిన ముఖ్యమైన పనులు" అనే గడి దగ్గరికి వచ్చేసరికి రాయడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. మరుసటి ఏడాదీ అంతే. నాతో పాటు చేరినవాళ్లు రెండు మెట్లు ఎక్కారు.

తప్పు సగం నాదే. నేను ఆయనకు జబ్బు పేరు చెప్పాను, కంటి డాక్టర్ చీటీ చూపించాను, అంతే. పని జరగాలంటే నాకేం కావాలో చెప్పలేదు. చెప్పకపోతే ఎదుటివాడు తనకు తెలిసిందే ఇస్తాడు, ఆయనకు తెలిసింది జాలి. అందుకే ఇక్కడ రాస్తున్నదంతా ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది: జబ్బు గురించి తక్కువ, పని గురించి ఎక్కువ మాట్లాడటం ఎలా.

మొదటి పని: వారం రోజులు గమనించి రాసుకోండి

ఎవరినీ ఏమీ అడగకముందు ఇది చేయండి. ఒక వారం పాటు పని ఎక్కడెక్కడ ఆగుతోందో రాసుకోండి. ఏ పని, ఎక్కడ ఆగింది, ఎంతసేపు పోయింది, ఏముంటే ఆగేది కాదు, ఈ నాలుగు చాలు. ఫోన్‌లో వాయిస్ నోట్ పెట్టుకున్నా సరే.

నా వారం ఇలా ఉంది. సోమవారం ఒక వెండర్ పంపిన ఇన్‌వాయిస్ పీడీఎఫ్ తెరిస్తే అది కాగితాన్ని ఫొటో తీసి పంపిన బొమ్మ, పెద్దది చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి, స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్‌కైతే అందులో అక్షరాలే లేవు. నలభై నిమిషాలు పోయాయి. మంగళవారం టీమ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఎక్సెల్ టేబుల్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టి "అందరూ చెక్ చేసుకోండి" అన్నారు. అదే రోజు తెలుగులో ఒక సర్క్యులర్ వచ్చింది, అను ఫాంట్లలో టైపు చేసింది. యూనికోడ్ కాని ఆ పాత ఫాంట్లని స్క్రీన్ రీడర్ తెలుగు అనుకోదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిపి పిచ్చి పిచ్చిగా వాగుతుంది. బుధవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎదురు కిటికీ వెలుగు కళ్లలో కొట్టి స్క్రీన్ తెల్లగా పాలిపోయింది. గురువారం సాయంత్రం ఆరున్నరకి చీకట్లో క్యాబ్ నంబర్ కనపడక గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

ఈ చిట్టా చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఐదు అడ్డంకుల్లో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. మూడు పక్కవాళ్ల అలవాట్లు, ఒకటి కుర్చీ ఉన్న చోటు, ఒకటి షిఫ్ట్ టైము. నేనేమో రెండేళ్లుగా "కళ్లు పోతున్నాయి కాబట్టి ఇక ఈ పని మన వల్ల కాదు" అనుకుంటూ కూర్చున్నాను.

రెండోది: మీ చేతిలో ఉన్నవి ముందు వాడేయండి

ఇప్పటి కంప్యూటర్లలో, ఫోన్లలో చాలా సదుపాయాలు పైసా ఖర్చు లేకుండా ముందే ఉంటాయి. విండోస్ కీ, ప్లస్ గుర్తు కలిపి నొక్కితే మాగ్నిఫైయర్ వస్తుంది. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే నెరేటర్ స్క్రీన్ చదవడం మొదలుపెడుతుంది. ఒక చేతితోనే టైపు చేసేవాళ్లు షిఫ్ట్ కీ ఐదుసార్లు నొక్కి స్టికీ కీస్ పెట్టుకుంటే మూడు కీలు ఒకేసారి పట్టుకునే బాధ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంది, ఐఫోన్‌లో వాయిస్ఓవర్ ఉంది, రెండూ స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తాయి. చూపు లేనివాళ్లలో చాలామంది కంప్యూటర్ మీద వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ, పూర్తిగా ఉచితం. జాస్ అనేదీ స్క్రీన్ రీడరే, కానీ డబ్బు పెట్టి కొనాల్సింది, కొన్ని పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్లతో అదే బాగా కుదురుతుంది కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ మీద రెండూ నడిపి చూడకుండా ఏదీ అడగొద్దు.

ఒక జాగ్రత్త. ఆఫీసు కంప్యూటర్‌లో మీ అంతట మీరు ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి, ఉచితమైనా సరే. ఐటీ వాళ్లు సెక్యూరిటీ పేరు చెప్పి తీసేస్తారు, ఆ తర్వాత మీరు మామూలుగా అడిగినా "వీడు రూల్స్ పాటించడు" అనే ముద్ర ముందే పడి ఉంటుంది. టికెట్ వేయండి, అందులో సాఫ్ట్‌వేర్ పేరు, అధికారిక సైటు, ఏ పనికి కావాలో రాయండి. నాకు ఎన్‌వీడీఏ ఒక్కదానికి అనుమతి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ప్రతి సోమవారం అదే టికెట్ మీద ఒక లైన్ రాస్తూ వచ్చాను. విసుగే, కానీ తర్వాత ఆ తేదీలే నాకు పనికొచ్చాయి.

మూడోది: కాగితాలు

ఏపీ, తెలంగాణల్లో వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ సంగతి చాలామందికి తెలుసు (తెలంగాణలో 2025 నుంచి దాని స్థానంలో యూడీఐడీ వచ్చింది): స్లాట్ బుక్ చేసుకోవాలి, మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది కాబట్టి అదీ తీసుకోండి, రేపు బెంగళూరుకో పుణేకో మారినా మళ్లీ మొదటి నుంచి తిరగక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం 40 శాతం. రిజర్వేషన్ లాంటివాటికి 40 శాతం వైకల్యం ఉండాలి, నిజమే. కానీ పని చేసుకోవడానికి ఆఫీసులో చేసే సర్దుబాటు, అంటే చట్టం భాషలో రీజనబుల్ అకామడేషన్, దానికి ఆ 40 శాతం గీత లేదు. చేతికి రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక అభ్యర్థి పరీక్ష రాయడానికి సహాయకుణ్ణి అడిగిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచి చెప్పింది. ఎవరికి ఏ సర్దుబాటు కావాలో మనిషిని బట్టి, ఆ మనిషితో మాట్లాడి తేల్చాలని కూడా చెప్పింది. కాబట్టి సర్టిఫికెట్‌లో 35 వచ్చిందని నోరు మూసుకుని కూర్చోవద్దు.

నాలుగోది: ఎవరిని అడగాలి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. ఆటిజం, డిస్లెక్సియా లాంటి లెర్నింగ్ సమస్యలు, తలసీమియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, అన్నీ. (మనల్ని ఏమని పిలవాలి అన్న దాని మీద ఇన్నేళ్లలో వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని చాలా పేర్లు మార్చారు గానీ ర్యాంపుకి అడ్డంగా బైకులు పెట్టడం మాత్రం ఎవరూ మార్చలేదు.)

ఈ చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రతి సంస్థకూ, ప్రైవేటు అయినా సరే, సమాన అవకాశాల విధానం అని ఒక పాలసీ ఉండాలి. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే అందులో సహాయ పరికరాలు, ప్రత్యేక సెలవు, బదిలీల్లో ప్రాధాన్యం, ప్రమోషన్‌కి ముందు ట్రైనింగ్, వీటన్నిటి గురించీ రాసి ఉండాలి. ఈ వ్యవహారాలు చూసే లియేజన్ ఆఫీసర్ ఒకరు ఉండాలి. పాలసీ వెబ్‌సైట్‌లో పెట్టాలి, లేదంటే ఆఫీసులో అందరికీ కనిపించే చోట పెట్టాలి.

కాబట్టి హెచ్ఆర్‌కి మీ మొదటి మెయిల్ రెండు లైన్లే: "మన సంస్థ సమాన అవకాశాల పాలసీ కాపీ పంపగలరా? లియేజన్ ఆఫీసర్ ఎవరో చెప్పగలరా?" ఇందులో అభ్యర్థన ఏదీ లేదు, గొడవ లేదు. కానీ చాలా చోట్ల ఈ రెండు లైన్లకే కదలిక వస్తుంది, ఎందుకంటే పాలసీ ఎక్కడుందో వాళ్లూ అప్పుడే వెతుక్కుంటారు. మా దగ్గర లియేజన్ ఆఫీసర్‌గా పేరున్న ఆవిడకి తన పేరు అందులో ఉందని నా మెయిల్ చూశాకే తెలిసింది, పాపం, తర్వాత బాగా సాయం చేసింది.

ఐదోది: రాసి అడగండి

నోటిమాటగా అడిగితే "చూద్దాంలే" అంటారు, ఆ చూద్దాంలేకి తేదీ ఉండదు. రాయండి. పొడుగు అక్కర్లేదు, మీ కష్టాల చరిత్ర అసలే అక్కర్లేదు. వారం చిట్టాలోంచి మూడే మూడు విషయాలు తీసుకోండి. నేను పంపింది దాదాపు ఇలా ఉంటుంది:

"సర్, వెండర్ పేమెంట్ల పని మళ్లీ నాకు అప్పగించమని కోరుతున్నాను. ఆ పని పూర్తిగా చేయడానికి మూడు మార్పులు కావాలి. ఒకటి, నా సీటు కిటికీకి ఎదురుగా కాకుండా వెనక వరసలోకి మార్చాలి. రెండు, నా కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వేయడానికి ఐటీ అనుమతి ఇవ్వాలి, అది ఉచితం, టికెట్ నంబర్ కింద ఇచ్చాను. మూడు, వెండర్లు స్కాన్ చేసిన బొమ్మ కాకుండా అసలు పీడీఎఫ్ పంపేలా మన మెయిల్ టెంప్లేట్‌లో ఒక లైన్ చేర్చాలి. ఆరు వారాలు చేసి చూద్దాం, ఎన్ని ఇన్‌వాయిస్‌లు పూర్తయ్యాయో, ఎన్నిట్లో తప్పులు వచ్చాయో లెక్క మీకు ప్రతి శుక్రవారం పంపుతాను."

ఇందులో జబ్బు పేరు లేదు, గమనించండి. హెచ్ఆర్ దగ్గర సర్టిఫికెట్ ఉంది, మేనేజర్‌కి కావాల్సింది పని వివరాలే. మొదటి వాక్యంలోనే పని కావాలని అడిగాను, మినహాయింపు అడగలేదు. చివర్లో గడువు పెట్టాను, ఎందుకంటే "ఎప్పటికీ ఇలాగే" అంటే మేనేజర్లు భయపడతారు గానీ "ఆరు వారాలు" అంటే ఎవరైనా ఒప్పుకుంటారు.

డబ్బు అయ్యేది అడగాల్సి వస్తే కూడా మొహమాటపడొద్దు. ఆ ఖర్చు మొత్తం గానీ, కొంత గానీ ఉద్యోగి చేత పెట్టించకూడదని ఈ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో సూటిగా రాసి ఉంది. సంస్థ మీద మోయలేని భారం పడకూడదు అన్న మాట కూడా చట్టంలో ఉంది, నిజమే, కానీ ఓ పెద్ద మానిటర్‌కి, ఓ స్టాండ్‌కి ఆ మాట వాడితే మాత్రం ఊరుకోవద్దు.

మిగతావాళ్లకి ఏం అడగొచ్చు

నాకు తెలిసింది చూపు సంగతి, మిగతావి తోటివాళ్ల దగ్గర విన్నవీ చూసినవీ.

వినికిడి లోపం ఉన్నవాళ్లకి అసలు తంటా మీటింగులు. ఎజెండా ముందు రోజే రాతలో అడగండి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలన్న నియమం అడగండి, మాట్లాడేవాళ్ల మొహం మీద వెలుగు పడేలా మీరు కూర్చోండి. ఆన్‌లైన్ మీటింగుల్లో క్యాప్షన్లు ఉంటాయి, కానీ మనవాళ్లు ఒకే వాక్యంలో తెలుగు, ఇంగ్లీషు, మధ్యలో హిందీ కలిపి మాట్లాడితే ఆ క్యాప్షన్లు చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. అందుకని మీటింగ్ అయ్యాక తీసుకున్న నిర్ణయాలు నాలుగు లైన్లలో మెయిల్ పెట్టమనండి, అది మీకే కాదు, మీటింగులో నిద్రపోయిన వాళ్లకీ పనికొస్తుంది. సైన్ లాంగ్వేజ్ వాడేవాళ్లు రోజువారీ పనికి కాకపోయినా అప్రైజల్ సంభాషణకీ, ట్రైనింగుకీ, విచారణ లాంటివాటికీ ఇంటర్‌ప్రెటర్‌ని తప్పకుండా అడగండి. ఏడాదికి ఒక్కసారి జరిగే ఆ గంటలోనే జీతం తేలుతుంది, ఆ గంటలో సైగలతో, చీటీలతో నెట్టుకురావడం కుదరదు.

కదలికకు సంబంధించిన వైకల్యం అయితే ర్యాంపు ఉందా అని అడిగితే ఉంది అంటారు. టేపు పట్టుకుని వెళ్లండి. లెక్క తేలిక: ఎత్తు ఒక అంగుళం అయితే పొడవు పన్నెండు అంగుళాలు ఉండాలి, అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల ర్యాంపు. మన దగ్గర చాలా ర్యాంపులు స్కూటర్ ఎక్కించడానికి కట్టినవే, వీల్‌చైర్ వేసుకుని ఎక్కితే వెనక్కి పడతారు. ఇక టాయిలెట్. తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ ఉంటుంది, లోపల విరిగిన కుర్చీలు, తుడుపు కర్రలు, ఫినాయిల్ డబ్బాలు ఉంటాయి, తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుంది, ఆ సెక్యూరిటీ టీకి వెళ్లి ఉంటాడు. నాకు తెలిసిన ఒకావిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా పని చేసేది, ఈ ఒక్క కారణానికి. ఇది సిగ్గుపడే విషయం కాదు, మీ మెయిల్‌లో మొదటి నంబర్‌గా రాయాల్సిన విషయం. ఫొటో తీసి జత చేయండి.

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు చెప్పాలా వద్దా అన్నదే పెద్ద ప్రశ్న. నా ఉద్దేశం ఏమిటంటే, రోగం పేరు మేనేజర్‌కి చెప్పక్కర్లేకుండానే చాలా అడగొచ్చు: మందుల మత్తు వల్ల పొద్దున్నే లేవలేకపోతే షిఫ్ట్ గంట ఆలస్యంగా మొదలుపెట్టడం, పగలూ రాత్రీ మారుతూ ఉండకుండా ఒకే షిఫ్ట్, పనులు నోటితో కాకుండా రాతలో చెప్పడం. రోగం పేరు, చీటీ హెచ్ఆర్‌లో ఒక్కరి దగ్గరే ఉంచమని రాతపూర్వకంగా అడగండి.

మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల్ని ఉద్యోగంలో పెట్టిన అమ్మానాన్నలకి ఒక మాట. మొదటి రెండు నెలలు పక్కన ఉండి పని నేర్పే మనిషి, బొమ్మలతో ఉన్న పనుల జాబితా, మారని రోజువారీ క్రమం, ఈ మూడూ ఉంటే నిలబడతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలోనే పని చేస్తుంది, అక్కడికి ఒకసారి వెళ్లి రండి. చూపు తగ్గుతున్నవాళ్లకి హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో రిహాబిలిటేషన్ విభాగం ఉంది, ఆపరేషన్ లేని జబ్బు కదా అని ఊరుకున్నవాళ్లకి కూడా అక్కడ నేర్చుకోవడానికి చాలా ఉంటుంది.

ఇంకోటి మర్చిపోయాను, హాజరు. వేలిముద్ర పడని చేతులు ఉంటాయి, కుష్టు నయమైనవాళ్లకి, చేతులు కాలినవాళ్లకి. మొహం ఫ్రేములో సరిగ్గా పెట్టమనే యాప్ చూపు లేని మనిషికి పెద్ద పరీక్ష. కార్డుతోనో రిజిస్టర్‌తోనో ఇంకో దారి ఇవ్వమని అడగండి, లేకపోతే ఆలస్యం అనీ గైర్హాజరు అనీ రికార్డులో పేరుకుపోతాయి.

సర్వీసు మధ్యలో వైకల్యం వస్తే

యాక్సిడెంట్ అయ్యో, పక్షవాతం వచ్చో, చూపు పోయో ఉద్యోగం మధ్యలో వైకల్యం వస్తే ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు కలిసి మొదట చెప్పేది ఒకటే: "రిజైన్ చేసెయ్, వచ్చేది తీసుకుని విశ్రాంతి తీసుకో." ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రభుత్వ ఉద్యోగి అయితే 2016 చట్టంలోని సెక్షన్ 20 చాలా గట్టిది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో ఇంకో పోస్టుకి మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే అది దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. మన దగ్గర నడిచిన కేసే ఉంది: రంగులు గుర్తించలేడని అన్‌ఫిట్ చేసి, వేరే పని ఇవ్వమని అడిగినా ఇవ్వకుండా ఇంటికి పంపిన ఒక ఆర్టీసీ డ్రైవర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. డ్రైవింగ్‌కి పనికిరానంత మాత్రాన ఏ పనికీ పనికిరాడని కాదని, వేరే పోస్టు ఉందో లేదో వెతకాల్సిన బాధ్యత సంస్థదేనని కోర్టు చెప్పి, తగిన పోస్టు ఇవ్వమని 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఆ డ్రైవర్‌కి కలిసొచ్చింది 1979లో యూనియన్‌తో కుదిరిన పాత ఒప్పందంలోని ఒక క్లాజు. అందుకే మీ యూనియన్ ఒప్పందాలు, మీ శాఖ జీవోలు ఎంత పాతవైనా తిరగేయండి.

ప్రైవేటులో ఇంత గట్టి రక్షణ లేదు, ఉన్నట్టు చెబితే మోసం చేసినట్టే. సెక్షన్ 20 మాటలు ప్రభుత్వ సంస్థలకే. కానీ ఇవ్వగలిగిన సర్దుబాటు ఇవ్వకపోవడం కూడా వివక్షే అని చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఉంది, పాలసీ పెట్టాలన్న బాధ్యత ఉంది, వాటిని పట్టుకుని అడగాలి. సెలవులో ఉండగానే "ఫలానా తేదీ నుంచి వస్తాను, మొదటి నెల రోజుకి నాలుగు గంటలు, ఈ పనులు చేయగలను" అని మీరే ముందు రాసి పంపితే, మీ గురించి వాళ్లు నిర్ణయం తీసుకునేలోపు ఆ కాగితం వాళ్ల టేబుల్ మీద ఉంటుంది.

ఉద్యోగం ఉంది సరే, ప్రమోషన్?

లైట్ డ్యూటీ అనే మాట వినపడితే జాగ్రత్త పడండి. అది తీయగా ఉంటుంది. క్లయింట్ విజిట్ నుంచి తప్పిస్తారు, ప్రయాణం కష్టం కదా అని. ట్రైనింగుకి పంపరు, అక్కడ ర్యాంపు లేదు కదా అని. ఆఖరికి ప్రమోషన్ లిస్టు వచ్చినప్పుడు "ఫీల్డ్ అనుభవం లేదు, ట్రైనింగ్ లేదు" అంటారు. ఏ ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు, అందరూ మన మంచి కోరినవాళ్లే.

కాబట్టి ఎవరైనా మీ తరఫున ఒక పని వద్దనుకుంటే, ఆ రోజే మెయిల్ పెట్టండి: "నేను వెళ్లగలను, ఇది ఉంటే చాలు" అని. ట్రైనింగ్ నోటీసు రాగానే మెటీరియల్ మీకు పనికొచ్చే రూపంలో ముందే పంపమని అడగండి. ఇంటర్నల్ ఆన్‌లైన్ పరీక్ష ఉంటే టైమర్, కాప్చా, బొమ్మల ప్రశ్నలు మీ స్క్రీన్ రీడర్‌తో నడుస్తాయో లేదో పది రోజుల ముందే నమూనా లింకు మీద చూసుకోండి, పరీక్ష రోజు తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. అప్రైజల్ గడిలో రాయడానికి ప్రతి శుక్రవారం ఒక లైన్ దాచుకోండి. నేను ఆరు వారాల లెక్క పంపాను అన్నానే, ఆ లెక్కలే కాపీ చేసి మార్చిలో ఫారంలో అతికించాను. ఆ ఏడాది ప్రమోషన్ రాలేదు గానీ వెండర్ పేమెంట్లు పూర్తిగా నా చేతికొచ్చాయి, ప్రమోషన్ ఆ పైఏడాది వచ్చింది.

ప్రభుత్వంలో ఉన్నవాళ్లకి: వైకల్యం ఒక్కటే కారణంగా ప్రమోషన్ ఆపకూడదని సెక్షన్ 20లోనే ఉంది. కేంద్ర ఉద్యోగులకైతే 2014 మార్చి 31 నాటి డీవోపీటీ (కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం) ఉత్తర్వు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, సహాయ పరికరాలు, బదిలీలు, క్వార్టర్లు, ట్రైనింగ్, అన్నీ అందులో ఉన్నాయి. వైకల్యానికి సంబంధించిన అవసరాల కోసం ఏడాదికి నాలుగు రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవు కూడా కేంద్ర ఉద్యోగులకి ఉంది, చాలామంది వాడుకోరు.

కాదంటే

మొదట సంస్థ అధిపతికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నిబంధనల ప్రకారం ఆయన చర్య అయినా తీసుకోవాలి, లేదా తాము చేసింది ఎందుకు సరైనదో మీకు రాసైనా ఇవ్వాలి. ఈ రెండోది చాలా విలువైంది, నోటితో కాదన్నవాళ్లు కాగితం మీద కాదనడానికి వెనకాడతారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, రిజిస్టర్‌లో నమోదైన రెండు వారాల్లో విచారించాలి, తృప్తి లేకపోతే జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. ఆ పైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్, కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్. ప్రైవేటు ఉద్యోగి కూడా కమిషనర్ దగ్గరికి వెళ్లొచ్చు. కమిషనర్ చేసిన సిఫార్సు పాటించకపోతే మూడు నెలల్లో కారణం చెప్పాలి. అక్కడికి వెళ్లినప్పుడు మీ దగ్గర ఉండాల్సింది తేదీల వరస: ఎప్పుడు అడిగారు, ఎవరు ఏమన్నారు. నా నాలుగు నెలల సోమవారాల సంగతి ఇందుకే చెప్పాను. నిజానికి అంతదాకా నేను వెళ్లలేదు, ఆ వరస మెయిల్‌కి జత చేసి "ఇవి పాలసీ కింద పరిశీలించగలరు" అని రాసిన మూడో రోజు అనుమతి వచ్చింది.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి దారి వేరు. అమెరికాలో 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట 1990 నాటి ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్) చట్టం వర్తిస్తుంది, వీసా మీద పని చేస్తున్నా సరే. అక్కడ జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ అని ఉంది, ఏ వైకల్యానికి ఏ పనిలో ఏ సర్దుబాటు అడగొచ్చో ఉచితంగా చెబుతారు. వాళ్ల సైటు ఇక్కడ ఉన్నవాళ్లు కూడా మెయిల్ రాసేముందు ఒకసారి చూడండి, ఆలోచనలు దొరుకుతాయి. బ్రిటన్‌లో అయితే యాక్సెస్ టు వర్క్ అనే పథకం కింద పరికరాలకీ, సహాయకులకీ, ఒక్కోసారి టాక్సీకీ ప్రభుత్వమే డబ్బిస్తుంది.

రెండు చిన్న పనులు మిగిలాయి

మేనేజర్లు మారుతుంటారు, వాళ్లతో పాటు మనకిచ్చిన సర్దుబాట్లు కూడా మాయమవుతుంటాయి. ఒప్పుకున్నవన్నీ అరపేజీలో రాసి, తేదీ వేసి, హెచ్ఆర్ ఓకే అన్న మెయిల్ జత చేసి ఉంచండి. కొత్త మనిషి రాగానే మొదటి వారంలోనే పంపండి. నాకు ఇప్పటికి ముగ్గురు మారారు, అరపేజీ అదే, పైన పేరు మారుస్తాను.

రెండోది, అలారం మోగితే మీరు ఎలా బయటికి వస్తారో ఇప్పుడే అడగండి. లిఫ్ట్ ఆపేస్తారు కాబట్టి వీల్‌చైర్ మనిషిని మెట్ల మీద ఎవరు, దేనితో దించుతారు? సైరన్ వినపడని మనిషికి వెలిగి ఆరే దీపం ఉందా? మా దగ్గర ఒకసారి ఫైర్ డ్రిల్ జరిగింది. నేను స్క్రీన్ రీడర్ కోసం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్పీడు పెంచి, ఇన్‌వాయిస్‌లు చూసుకుంటున్నాను. నాలుగో అంతస్తు మొత్తం దిగిపోయి, కింద తల లెక్క పెట్టుకుని, టీ తాగి పైకి వచ్చేదాకా నాకు తెలియదు. సేఫ్టీ రిపోర్టులో "నూరు శాతం ఖాళీ చేశారు" అని రాశారు. ఇప్పుడు మా పక్క సీటు కుర్రాడి పేరు ఆ అరపేజీలో ఉంది, అలారం మోగితే నా భుజం తట్టడం అతని పని. అతను సెలవులో ఉంటే ఎవరు అన్నది మొన్నే అడిగాను, ఇంకా జవాబు రాలేదు. సోమవారం మళ్లీ రాస్తాను.